సేటు తక్కెట్లో రేసు ఇంజను

మా దొరకు జాగీరు పోయింది. ఆ సంగతి ఆయనకు తప్ప సంగారెడ్డిలో అందరికీ తెలుసు. పొద్దున్నే బంగ్లా వరండాలో పడక కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. సలాము చేయడానికి ఎవరూ రాకపోతే, "ఇయ్యాల అంగడి ఉన్నట్టుంది, అందరు గటే పోయిండ్రు" అని తనకు తానే చెప్పుకునేవాడు. ఆయన లెక్కన మా ఊళ్ళో వారం పొడుగునా అంగడే.

ఇది యాభైల మొదట్లో మాట. ఇప్పుడంటే పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డుకు రెండు పక్కలా ఫ్యాక్టరీలు, పొగ గొట్టాలు, ముక్కు మూసుకోవాల్సిన వాసనలు. అప్పుడు జొన్న చేలు, వాటి మధ్య నుంచి బొంబాయి రోడ్డు, దాని మీద ఎప్పుడో ఒక లారీ. ఆ లారీ మా ముందర పాడైతేనే నా పొయ్యి వెలిగేది. నేను దొర షెడ్డులో మిస్త్రీని. యుద్ధం రోజుల్లో పటాలం వర్క్‌షాపులో ఇంజన్లు విప్పడం, బిగించడం నేర్చుకుని వచ్చినవాణ్ణి. షెడ్డు రోడ్డు మీదే ఉండేది. ముందు రేకుల కింద పని, వెనక ఒక అర్ర. ఆ అర్రలో నేను, మా ఇంటామె, ఆమె కోళ్ళు కాపురం ఉండేవాళ్ళం.

దొరకు భార్య ఉంది, పిల్లలున్నారు. అయినా ఆయన ప్రేమంతా ఒక రేసు బండి మీద ఉండేది. కంటోన్మెంటులో ఉద్యోగం చేసిన ఇంగ్లీషాయన ఒకడు దేశం విడిచి పోతూ పోతూ దాన్ని ఈయనకు అంటగట్టాడు. పైకప్పు లేదు. ఇద్దరు కూర్చునే బండే గాని మా దొర కూర్చున్నాక రెండోవాడికి చోటు ఉండేది కాదు. కళ్ళకు నల్లద్దాలు, మెడకు పట్టు రుమాలు, కాళ్ళకు బూట్లు వేసుకుని ఆయన బజారులో పోతుంటే, పోయిన జాగీరంతా తిరిగి వచ్చినట్టు ముఖం వెలిగిపోయేది. బండి వేగం అందుకుంటే మాత్రం ఆ వెలుగు ఆరిపోయేది. ఇంజను అంత ఘోరంగా వణికేది మరి. ఒకసారి ఇస్నాపూర్ దాటాక నాలుక కరుచుకుని నోటి నిండా రక్తంతో వాపసు వచ్చాడు.

"ఏందిరా మిస్త్రీ గిది? జెరం వచ్చినోని లెక్క వణుకుతది. ఆ ఇంగ్లీషోడు నాకు చెడిపోయిన మాలు అమ్మిండా?"

"చెడిపోలేదు దొరా. లోపల తిరిగేటివి తూకం తప్పినయి," అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి నేను బావి గిలక సంగతి చెప్పాల్సి వచ్చింది. గిలకకు ఒక పక్క రాయి కట్టి మెల్లగా తిప్పితే ఏమీ కాదు. గట్టిగా తిప్పితే గిలకతో పాటు దూలం కూడా ఊగుతుంది. రేసు ఇంజను నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. అందులో నాలుగు పిస్టన్లు, నాలుగు రాడ్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఒకటి బరువు, ఒకటి తేలిక అయితే, ఆ తేడా చింతగింజంత ఉన్నా, వేగం పెరిగేసరికి బండలా కొడుతుంది. అన్నింటినీ విప్పి, అరగదీసి, ఒక్క తూకానికి తేవాలి.

దొర అదంతా విని, "అంటే గెలుస్తనా?" అని అడిగాడు.

పట్నం అవతల యుద్ధ కాలంనాటి పాత విమానాల మైదానంలో పందెం పెట్టారట. జాగీర్లు పోయిన దొరలు, నవాబులు, పట్నం షావుకార్ల కొడుకులు, అందరికీ అక్కడ బండ్లు ఉరికించే సరదా పుట్టింది. పన్లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు, వీళ్ళు మైదానం చుట్టూ తిరగబోతున్నారు. మా దొరకు గెలవాలి. ఎందుకంటే పందెంలో ఎదురు దిగుతున్న వాళ్ళలో ఆయన వియ్యంకుడు ఉన్నాడు.

ఆ రోజు హోటలు ముందర పదిమంది వింటుండగా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "మిస్త్రీ, బండి ముందలొస్తే ఈ షెడ్డు నీదే. ఎనక అర్రతోని సహా. దొర నోట్లకెల్లి ఒక్క మాటనే వస్తది."

నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అప్పటికే దొర ఒక్కొక్కటే అమ్ముకుంటూ వస్తున్నాడు. మామిడితోట పోయింది, ఏట్లో మడి పోయింది, పల్లకి కూడా పోయింది. షెడ్డు వంతు ఎప్పుడొస్తుందోనని నేను గుండె చేత్తో పట్టుకుని బతుకుతున్నాను. అది అమ్ముడుపోతే నాకు పని లేదు, మాకు ఇల్లు లేదు. ఆ రోజు నేను ఎగిరినట్టే ఇంటికొచ్చి మా ఇంటామెకు చెప్పాను.

ఆమె పొయ్యి ఊదుతూ తల ఎత్తకుండానే, "దొర మాట నీళ్ల మూట. నువ్వు పోయి నీ పని జూస్కో," అంది. అన్నదే గాని, ఆ సాయంత్రం గోడకు ఎక్కడ కిటికీ కొట్టించాలో బొగ్గుతో గీత గీసి పెట్టింది.

ఇంజను విప్పాను. మొదట పిస్టన్లను తిప్పే పెద్ద షాఫ్టు. దాన్ని రెండు సన్నటి, వంకర లేని అంచుల మీద అడ్డంగా పెడితే, బరువు పక్క తనంతట తానే కిందికి తిరుగుతుంది. అక్కడ కొంచెం ఇనుము బర్మాతో తొలిచి తీసేయాలి. నాకు అట్లాంటి రెండు అంచులు కావాలని అడిగాను. దొర నన్ను బంగ్లాలోకి పిలిచి, అటూ ఇటూ చూసి, తలుపు మూసి, అటక మీద నుంచి గోనెసంచిలో చుట్టిన రెండు కత్తులు దించాడు. సర్కారు ఆయుధాలు అప్పజెప్పమన్నప్పుడు దాచిపెట్టినవి.

"మా ముత్తాతయి. వీటికన్న సన్నటి అంచు నీకు యాడ దొరుకుతది?"

దొరకదు, నిజమే. కాని అవి వంకర కత్తులు. వాటి మీద షాఫ్టు పెడితే ఏ పక్క పెట్టినా దొర్లుకుంటూ పల్లంలోకి వచ్చి ఆగేది. దొర ప్రతిసారీ, "ఇగో, ఇక్కడనే బరువున్నది, తొల్సు!" అని వేలు పెట్టి చూపించేవాడు. ఆయన మాట వింటే షాఫ్టు జల్లెడ అయ్యేది. నేను అవునవునంటూ పొద్దు గడిపి, ఆయన భోజనానికి పోయాక రెండు ఇనుప పట్టాలను సానబట్టి, నీళ్ళ పళ్ళెంతో మట్టం చూసుకుని ఆ పని పూర్తి చేశాను. దొర మాత్రం తన ముత్తాత కత్తులు రేసులోకి దిగాయని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ కత్తులు ఒర దాటి బయటికి రావడం వాటి పుట్టుకలో అదే మొదటిసారి అని మా వాళ్ళు అనుకున్నారు.

ఇక పిస్టన్లు, రాడ్లు మిగిలాయి. ఒక్కో పిస్టన్‌నూ దాని రాడ్‌తో జతచేసి తూచాలి. కంసాలి తక్కెడ పట్టదు, జొన్నలు తూచే కాటా పనికిరాదు. మధ్య రకం తక్కెడ ఊరి మొత్తంలో ఒక్కరి దగ్గరే ఉంది. బజారులో ధాన్యం, వెండి రెండూ అమ్మే సేటు దగ్గర. కడియాలు, పట్టగొలుసులు తూచే ఇత్తడి తక్కెడ అది. నిజం చెప్పాలి, తక్కెడ మంచిది. వెంట్రుక వేసినా వంగేది.

సేటు సంగతి కూడా చెప్పాలి. రైతు దగ్గర జొన్నలు కొనేటప్పుడు ఆయన చిటికెన వేలు ఎక్కడుంటుందో చూడటానికి మనకు రెండు కళ్ళు చాలవు. కాని తెలిసినవాళ్ళకు అమ్మేటప్పుడు మాత్రం తూకం ఎప్పుడూ సరుకు పక్కకు కొంచెం మొగ్గి ఉండేది. అది మా దిక్కు మర్యాద. ముల్లు నిలువుగా నిలబెట్టి ఇచ్చే దుకాణదారును మా ఊళ్ళో పిసినారి అనేవాళ్ళు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ నిలువు తూకం ఇచ్చిన దుకాణం గడప మళ్ళీ తొక్కలేదు.

నేను పిస్టన్లు గుడ్డలో కట్టుకుని పోయి తక్కెడ ఒక్క పూట అరువిమ్మని అడిగితే, సేటు చెవులు మూసుకున్నాడు.

"లచ్చిమిని అరువిస్తరా మిస్త్రీ? మా తాత కాలంకెల్లి ఇంటోని చెయ్యి తప్ప ఇంకోని చెయ్యి పడలే దాని మీద. మాలు గిక్కడ పెట్టు. నేనే తూస్త."

దొర కూడా వచ్చి కూర్చున్నాడు. సేటు కాళ్ళు కడుక్కొచ్చి తక్కెడకు కుంకుమ పెట్టి, ఊదుబత్తి ముట్టించాడు. మొదటి పిస్టన్ జతను ఎత్తి, "లాభం" అంటూ పళ్ళెంలో పెట్టాడు. మా సేట్లు ఒకటి అనరు, లాభం అంటారు. దాని వల్ల ఎవరికి లాభమో ఆ రోజు నేను ఆలోచించలేదు. ఆ జతను ఇదివరకే ఎవరో ఆకురాయితో అరగదీసి ఉన్నారు. నాలుగింట్లో అదే తేలిక. దాన్నే కొలతగా పెట్టుకుని మిగిలినవి తగ్గించుకుంటూ రావాలని నా ఆలోచన.

రెండో జత రెండో పళ్ళెంలోకి ఎక్కింది. బరువుకు దభీమని దిగింది. నేను దాన్ని తీసి, లోపలి పక్క ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది మళ్ళీ ఇచ్చాను. ఇంకా బరువే. ఇంకొంచెం రుద్దాను. పళ్ళెం లేస్తూ లేస్తూ, దాదాపు సమం కాబోతుండగా సేటు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బస్. ఇగ ఆపు. జెర మొగ్గు ఉండాలె. నిలువు తూకం మంచిది గాదు. అసలే శుభం పని."

"అవ్, అవ్. దొర బండి గది, నిలువు తూకం ఏంది?" అన్నాడు దొర మీసం దువ్వుకుంటూ.

నాకూ అది తప్పనిపించలేదు. ఆ గాలిలో పుట్టి పెరిగినవాణ్ణి, ఎట్లా అనిపిస్తుంది? తక్కెడ కొంచెం మొగ్గితే మనసుకు హాయిగానే ఉంటుంది.

తరువాత నేను మొదటి జతనే ఉంచి మూడో దాన్ని దాని ఎదుట పెట్టమన్నాను. సేటు ఒప్పుకోలేదు. ముందు ఎక్కింది ముందు దిగాలట. దిగిన సరుకు మళ్ళీ తక్కెట్లోకి ఎక్కడం దుకాణానికి అవమానమట, తూకం మీద అనుమానం ఉన్నవాడే మళ్ళీ తూపిస్తాడట. "నా మీద నమ్మకం లేదా మిస్త్రీ?" అని అడిగేసరికి నేను నాలుక కరుచుకున్నాను. మొదటి జత దిగి గుడ్డలోకి పోయింది. రెండోదాన్ని కొలతగా పెట్టి మూడోది తూచాం. మూడోదాన్ని పెట్టి నాలుగోది తూచాం. ప్రతిసారీ కొత్తగా వచ్చినదాని దిక్కు సేటు ఇంత మొగ్గు ఉంచుతూనే పోయాడు. పని అయ్యాక మా ముగ్గురికీ ఎవరో సంతర్పణ పెట్టినంత తృప్తి కలిగింది. సేటు బెల్లం ముక్క చేతిలో పెట్టాడు.

ఇంజను బిగించి పటాన్‌చెరు దాకా ఉరికించాం. మునుపటికన్నా ఎంతో మెరుగు. దొర నాలుక కరుచుకోలేదు. బండి తన పూర్తి వేగం అందుకున్నప్పుడు మాత్రం స్టీరింగు చక్రంలో ఒక సన్నటి జలదరింపు ఉంది. ఆ మాట నేను అంటే దొర కసిరాడు.

"అది వణుకు కాదురా. పౌరుషం."

పౌరుషం విషయంలో దొరతో వాదించేటంత వాణ్ణి కాను. ఆయన గెలిస్తే బొంతపల్లి వీరభద్రుడికి కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాడు. నేను ఏ దేవుడికీ మొక్కలేదు గాని, రాత్రి పడుకునే ముందు గోడ మీద ఆ బొగ్గు గీత చూసుకునేవాణ్ణి.

పందెం రోజు మైదానంలో జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. గుడారాలు, షర్బతులు, ఒక బ్యాండు మేళం. ఎర్ర గుడ్డ ఊపగానే బండ్లు కదిలాయి. దుమ్ములో నుంచి అందరికన్నా ముందు మా బండి బయటికొచ్చింది. అబ్బ, ఆ క్షణం! నేను అరిచిన అరుపుకు పక్కన షర్బత్ అమ్మే సాయిబు ఉలిక్కిపడి గ్లాసు వదిలేశాడు. రెండో చుట్టుకు మా దొర వియ్యంకుణ్ణి దాటేసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నేను మనసులో కిటికీకి చెక్క ఏ అడితిలో తేవాలో కూడా ఎంచుకున్నాను.

ఆ తరువాతి చుట్టులో దొర పూర్తిగా తొక్కాడు. శబ్దం మారింది. ముందు బండి మూతి వణికింది, తరువాత మొత్తం వణికింది, దూరం నుంచి చూసినా దొర బుగ్గలు ఊగడం కనిపించింది. ఆ కుదుపుకు నూనె పోయే గొట్టం అతుకు దగ్గర పగిలింది. నల్లటి నూనె దొర పట్టు రుమాలు మీదకు చిమ్మింది. నూనె లేక ఇంజను పట్టేసి బండి నడి మైదానంలో నిలబడిపోయింది. వియ్యంకుడు పక్కనుంచి పోతూ టోపీ తీసి వందనం చేశాడు.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను. దొర నూనె ముఖంతో నా దగ్గరికొచ్చి, "దిష్టి తగిలిందిరా" అని మాత్రం అని జీపెక్కి వెళ్ళిపోయాడు. షెడ్డు మాట ఎత్తలేదు. బండి ముందు వస్తేనే షెడ్డు, రాలేదు గనక లేదు, అంతే.

బండిని లాగించుకుని తెచ్చి ఇంజను మళ్ళీ విప్పాను. అసలు ఎక్కడ తప్పు జరిగిందో తెలియకపోతే అన్నం సహించేటట్టు లేదు. సేటు దగ్గరికి పోతే మళ్ళీ తూచడు. అందుకని సైకిలు దుకాణం నుంచి ఒక వట్టి చక్రం తెచ్చి, గోడకు మేకు కొట్టి దానికి తగిలించాను. అది ఎటూ వాలకుండా నిలబడేదాకా సర్దుకుని, ఒక పక్క మొదటి పిస్టన్ జత, సరిగ్గా దానికి ఎదురు నాలుగో జత కట్టి వదిలాను. నాలుగోది గిర్రున తిరిగి కిందికి వచ్చింది. చేత్తో పైకి తిప్పి వదిలాను, మళ్ళీ కిందికే వచ్చింది. రెండోది మొదటిదాని కన్నా ఒక మొగ్గు బరువు, మూడోది రెండు మొగ్గులు, నాలుగోది మూడు మొగ్గులు. ఒక్కొక్క మర్యాదా పేరుకుని పేరుకుని ఇంజను కడుపులో కూర్చుంది.

మా ఇంటామె చూసి, "అంటే ఆ ముసలోని ధర్మగుణం మన కొంప ముంచిందా?" అంది.

ఒంటి మీద తెలివి లేనంత కోపంతో బజారుకు పోయాను. సేటు దుకాణం ముందు నిలబడి, గొంతు చించుకుని, తూకంలో నన్ను ముంచావని అరిచాను. చుట్టుపక్కల వాళ్ళంతా పోగయ్యారు. సేటు తెల్లబోయాడు.

"తక్కువ తూచిన్నా?"

"లేదు. ఎక్కువ తూచినవ్!"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరువాత నవ్వడం మొదలుపెట్టారు. గుడ్డల దుకాణం సాయిబు కడుపు పట్టుకుని గద్దె మీద దొర్లాడు. "అరె భాయ్, ఎక్కువ ఇచ్చిండని కొట్లాటకొచ్చిన మొగోన్ని నిన్నే చూస్తున్న!" అన్నాడు. నేను పిస్టన్ల సంగతి, చక్రం సంగతి ఎంత విడమరిచి చెప్పినా వాళ్ళ నవ్వు ఆగలేదు. ఊళ్ళో న్యాయం చెప్పే పెద్దమనుషులు కూడా అక్కడే ఉన్నారు. మొగ్గు ఇచ్చిన వాడిదే ధర్మమని, కయ్యానికొచ్చిన నాదే తప్పని నిలబడ్డచోటే తేల్చేశారు.

జనం పలచబడ్డాక సేటు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు. నిజంగా నొచ్చుకున్నాడు.

"మిస్త్రీ, నీకు ఒక మాట చెప్పాలె. బండి పని అయ్యేదాక చెప్పొద్దని దొర నాతోని ఒట్టేయించుకున్నడు. ఇప్పుడు అయిపాయె గద. ఆ షెడ్డు నాదే. పోయిన ఎండాకాలమే అమ్మిండు."

నేను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. హోటలు ముందర దొర నా భుజం మీద చెయ్యి వేసింది వానలు పడ్డాక.

"గెలిచినా నీకు దక్కేది కాదు," అన్నాడు సేటు. "నువ్వేమో షెడ్డు కోసమని రెక్కలు ముక్కలు చేసుకుంటున్నవ్. ఆ పొద్దు నువ్వు పిస్టన్లు గుడ్డల కట్టుకొని, నా ముందల కూసొని రుద్దుతుంటే చూడలేకపోయిన. ఇంకేం ఇయ్యగల్గుత నీకు? గందుకే దినాం అందరికిచ్చే మొగ్గుకు రెండింతలు ఇడిసిన."

నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి చెయ్యి లేవలేదు. దొర అబద్ధం నన్ను ఉత్తగా తిప్పి వదిలింది, అంతే. నా చేతిపనితో బండి గెలిస్తే, నేనొక మంచి మిస్త్రీనని పట్నం దాకా పేరు తెచ్చుకునే దారి ఒకటి మిగిలి ఉండేది. దాన్ని ఈయన జాలి తీసేసింది.

సేటు పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు. "జొన్నలు దిగుతున్నయి మిస్త్రీ, బస్తాలేసుకోను జాగ లేదు. నెలాఖరుకు షెడ్డు ఖాళీ చెయ్యాలె." నేను లేచి గడప దాకా వచ్చాను. వెనక నుంచి మళ్ళీ పిలిచాడు. "తియ్, నెలాఖరు మీద రెండు దినాలు కొసరు ఇస్త."

మేము నెలాఖరుకు ఒక రోజు ముందే ఖాళీ చేశాం.